కువైట్ వెళ్ళేముందు ఇద్దరు జేమ్స్‌ల కథ విను

చిరంజీవి శ్రావణికి,

పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి కువైట్ వెళ్తున్నావని, ఇంటిపనికని వెళ్ళిన మన కోనసీమ ఆడవాళ్ళు అక్కడ ఎలా బతుకుతున్నారో చూసి రాస్తావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడు చెబుతుండగానే వెనకనుంచి మీ అమ్మ, "మీ మాటైతే వింటుంది, వద్దని చెప్పండి బావగారూ" అంది. నేను చెప్పనులే. రిటైరయ్యేదాకా కాలేజీలో బానిసత్వం మీద పాఠాలు చెప్పి, తీరా ఇంట్లో పిల్ల బయల్దేరితే గుమ్మానికి అడ్డం పడుకుంటానా? ఆ పాఠాలు ఒక్కరి తలకైనా ఎక్కాయని లోపల సంతోషమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మ లేచి, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది.

పాస్‌పోర్టు కాపీలు మూడు చోట్ల పెట్టు. ఇన్సూరెన్స్ తీసుకో. ఎంబసీ నంబరు కాగితం మీద కూడా రాసుకో. వేళకు తిను. ఇవన్నీ నీకు తెలిసినవే, రాయకపోతే మీ అమ్మ ఊరుకోదని రాశాను. ఇక అసలు సంగతి.

నువ్వు చేయబోయే పని నీకంటే ముందు చేసినవాళ్ళున్నారు. 1836 నవంబరులో జోసెఫ్ స్టర్జ్ అనే ధాన్యం వ్యాపారి ఇంగ్లండ్ నుంచి వెస్టిండీస్‌కు ఓడెక్కాడు. ఊరు బర్మింగ్‌హామ్, మతం క్వేకర్. క్వేకర్లంటే పూజారి లేకుండా మౌనంగా కూర్చుని ప్రార్థన చేసుకునే క్రైస్తవులు. యుద్ధానికి వెళ్ళరు, కోర్టులో ఒట్టు కూడా వేయరు. స్టర్జ్ వెంట లీడ్స్ నుంచి థామస్ హార్వీ అనే ఇంకో క్వేకరు, మరో ఇద్దరు మిత్రులు బయల్దేరారు.

అప్పటికి బ్రిటిష్ చట్టం ప్రకారం బానిసత్వం రద్దయి రెండేళ్ళు దాటింది. మరి చూడ్డానికేముంది అంటావా? అక్కడే ఉంది కిటుకు. 1833 చట్టం బానిసలను 1834 ఆగస్టు 1న విడుదల చేసి, అదే చేత్తో 'అప్రెంటిస్'లుగా పాత యజమానికే అప్పజెప్పింది. పొలంపని వాళ్ళు 1840 దాకా, మిగతావాళ్ళు 1838 దాకా జీతం లేకుండా చేయాలి. జమైకాలో పొలంపని వాళ్ళకు అది వారానికి 40 గంటలన్నర. యజమానులకేమో నష్టపరిహారంగా 2 కోట్ల పౌన్లు. బానిసకు పైసా లేదు. లండన్‌లో పెద్దలంతా పని అయిపోయిందని చేతులు దులుపుకున్నారు. స్టర్జ్ నమ్మలేదు, వెళ్ళి చూసొస్తానన్నాడు.

ఏం చూశాడో జాగ్రత్తగా విను, ఎందుకంటే నువ్వు చూడాల్సిందీ అదే. బానిసత్వం ఉందా లేదా అని వాదిస్తూ కూర్చోలేదు. గంటలు లెక్కపెట్టాడు. రోజుకు తొమ్మిది గంటల లెక్కన చేయిస్తే శుక్రవారం మధ్యాహ్నం నుంచి సొంత చేను చూసుకోవచ్చు. ఎనిమిది గంటలే చాలంటూ యజమాని దయ ఒలకబోస్తే, ఐదో రోజు కూడా వాడికే పోతుంది, చేను బీడవుతుంది. ఆ దయ వెనక లెక్క అది. ఇదివరకు ఇచ్చే ఉప్పుచేప ఆపేశారు, చట్టంలో రాసిలేదు కదా అని. పొలంలో వంటచేసి పెట్టే ముసలమ్మను, పిల్లల్ని చూసే ఆయాను కూడా పనిలోకి దింపారు. ఆరుగురు పిల్లల తల్లికి పాత రోజుల్లో పొలంపని ఉండేది కాదు, ఆ వెసులుబాటూ పీకేశారు. ఆడవాళ్ళను కొరడాతో కొట్టకూడదని చట్టం చెబుతుంటే, జైలులాంటి వర్క్‌హౌసుకు పంపి అక్కడ కొట్టించారు. ట్రెడ్‌మిల్ ఎక్కించారు. నువ్వు జిమ్‌లో ఎక్కేది కాదమ్మా. మెట్లున్న పెద్ద చెక్క చక్రం, పైన కమ్మీకి మణికట్లు కట్టేస్తారు, ఒక్క అడుగు తప్పితే తిరిగే చెక్క వచ్చి ముంగాళ్ళను చీరేస్తుంది.

నువ్వు వెళ్ళే చోటా చట్టం ఉంది. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళ కోసమే ఒకటి చేశారు. రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికో రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండకూడదు. బాగుంది. నువ్వు మాత్రం వంటింట్లో నిలబడి అడుగు. పొద్దున ఎన్నింటికి లేస్తావు, ఆఖరి గిన్నె ఎన్నింటికి కడుగుతావు, పోయిన శుక్రవారం ఎక్కడున్నావు, పాస్‌పోర్టు ఏ బీరువాలో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర. 'బానిసత్వం' అన్న మాట నీ రిపోర్టులో మొదటి పేజీలోనే రాయాలని చేతులు దురద పెడతాయి. ఆపుకో. ఆ మాట చూడగానే అవతలివాళ్ళు దాని మీదే వాదిస్తారు, గిన్నెల సంగతి పక్కకు పోతుంది. అందరూ బాధలోనే ఉంటారని కూడా ముందే అనుకోకు. మంచి ఇల్లు దొరికి, ఇక్కడ అప్పులు తీర్చి, స్లాబు వేసుకున్నవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. వాళ్ళనీ కలువు. స్టర్జ్ కూడా ముందు ఆంటిగ్వా వెళ్ళాడు, తెలుసా? ఆ దీవిలో అప్రెంటిస్ గొడవ పెట్టకుండా 1834లోనే పూర్తిగా వదిలేశారు. పంట మునిగిపోలేదు, ఎవరూ ఎవర్నీ నరకలేదు. అది చూసి జమైకా వెళ్ళాడు కాబట్టే, ఆరేళ్ళు ఆగకపోతే కొంప మునుగుతుందన్నవాళ్ళకు జవాబు దొరికింది.

ఎవరింట్లో తింటున్నావో చూసుకో. ఇది నాకు చాదస్తమనుకుంటావు. జమైకాలో అప్రెంటిస్‌ల ఫిర్యాదులు వినడానికి ఇంగ్లండ్ ప్రత్యేక మేజిస్ట్రేట్లను పెట్టింది. వాళ్ళు గుర్రమెక్కి తోట తోటకూ తిరగాలి. మధ్యాహ్నం ఎక్కడ తింటారు? యజమాని బల్ల మీదే. తిన్నాక ఆ యజమాని మీద ఫిర్యాదు వినాలి. గట్టిగా నిలబడ్డవాళ్ళు కొందరు లేకపోలేదు గానీ, మిగతావాళ్ళ తీర్పులు ఎలా ఉండేవో నీకు చెప్పక్కర్లేదు.

అంతకు ఎనభై ఏళ్ళ ముందే జాన్ వూల్మన్ అనే అమెరికా క్వేకరు దీనికో దారి చూపాడు. న్యూజెర్సీ మనిషి. కుర్రతనంలో గుమాస్తాగా ఉన్నప్పుడు యజమాని, ఒక నల్లజాతి స్త్రీని అమ్ముతున్నాను పత్రం రాయి అంటే, మనసొప్పకపోయినా రాశాడు. ఆ సంగతి అతన్ని బతికినంతకాలం వదల్లేదు. అప్పట్లో క్వేకర్లలోనే బానిసలున్న ఇళ్ళు చాలా. వూల్మన్ వాళ్ళ గడపలే ఎక్కి, అరవకుండా, తిట్టకుండా మాట్లాడేవాడు. 1757లో మేరీలాండ్, వర్జీనియా వైపు వెళ్ళినప్పుడు, బానిసలు వండిన అన్నం ఊరికే తినకూడదని, బయల్దేరేముందు వెండినాణేలు ఇచ్చి వచ్చేవాడు. కొన్నిచోట్ల వాళ్ళ చేతికే, కొన్నిచోట్ల వాళ్ళకిమ్మని యజమాని చేతికి. యజమానికి ఎంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో ఊహించు! ఆయన ప్రయాణాలన్నీ అంతే. 1772లో ఇంగ్లండ్ వెళ్తూ, పైన నగిషీలు చెక్కిన క్యాబిన్ వద్దని అడుగున నావికుల మధ్య పడుకున్నాడు. అక్కడ దిగాక గుర్రాలనూ వాటిని తోలే కుర్రాళ్ళనూ చంపుకు తింటున్నారని బండెక్కకుండా నడిచాడు. ఆ ఏడాదే యార్క్‌లో మశూచి వచ్చి పోయాడు. నువ్వు అలా నడవనక్కర్లేదు తల్లీ, అక్కడి ఎండలో అసలే వద్దు. టాక్సీ ఎక్కు, డబ్బులు చాలకపోతే నన్నడుగు. కానీ ఏజెంటు పెట్టే బిర్యానీ మాత్రం తినకు.

ఈ భోజనం సంగతి నాకెందుకింత పట్టిందో చెబుతాను. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చాక, పాలేర్ల వివరాలు రాయడానికి తాసీల్దారు ఆఫీసు వాళ్ళ వెంట మా కుర్ర మాస్టర్లం కొందరం వెళ్ళేవాళ్ళం. ఒక ఊళ్ళో పెద్దరైతు అరుగు మీదే కుర్చీలు వేశారు, మజ్జిగ ఇచ్చారు. పాలేర్లను వరసగా పిలిచి అక్కడే అడిగారు. ప్రతివాడూ తువ్వాలు చంకలో పెట్టుకుని, "మాకేం లోటండి బాబూ, అయ్యగారు దేవుడండి" అన్నాడు. రిజిస్టరు అలాగే నిండింది. సాయంత్రం చెరువుగట్టు మీద ఒకతను మా వెనకే వచ్చి, తన తండ్రి చేసిన అప్పుకు తను ఎప్పటినుంచి ఉంటున్నాడో చెప్పాడు. గొంతు పెంచకుండా, అటూ ఇటూ చూస్తూ. అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెబుతున్నాను, మేడమ్ పక్కనుండగా ఏ పిల్లనీ ఏమీ అడగకు. "మామా మంచిదండి" అంటుంది (అక్కడ ఇంటి యజమానురాల్ని అలా పిలుస్తారు), నువ్వు రాసుకుంటావు, అంతే.

మర్యాదకు కూడా లొంగకు. స్టర్జ్ 1841లో అమెరికా వెళ్ళి బాల్టిమోర్‌లో హోప్ స్లాటర్ అనే బానిసల వ్యాపారి కొట్టం చూశాడు. స్లాటర్ ఎంతో మర్యాదగా లోపల తిప్పి చూపించాడు. మనుషులను అమ్మేవాడు మొరటుగా ఉంటాడని ఎవరన్నారు?

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన విషయానికి వస్తాను. ఇద్దరు జేమ్స్ విలియమ్స్‌లు ఉన్నారు. క్లాసులో చెబితే పిల్లలు ఇద్దర్నీ కలిపేసి పరీక్షలో రాసేవాళ్ళు. నువ్వు కలపకు.

మొదటివాడు జమైకా కుర్రాడు, సెయింట్ ఆన్ ప్రాంతంలో అప్రెంటిస్, పద్దెనిమిదేళ్ళవాడు. విడుదల చట్టం వచ్చాకే తనకు దెబ్బలు ఎక్కువయ్యాయని స్టర్జ్‌తో చెప్పాడు. స్టర్జ్ డబ్బిచ్చి అతనికి విముక్తి కొని ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. అక్కడ అతను చెప్పింది చెప్పినట్టు, జమైకా యాసలోనే రాయించి 1837లో అచ్చు వేశారు. దాంట్లో యజమాని పేరుంది, శిక్ష వేసిన మేజిస్ట్రేట్ల పేర్లున్నాయి, ఏ వర్క్‌హౌసులో ట్రెడ్‌మిల్ ఎక్కించారో, పక్కన ఎవరెవరున్నారో అన్నీ ఉన్నాయి. తోటల యజమానులు అబద్ధమని గోలపెట్టారు. ప్రభుత్వం బ్రౌన్స్ టౌన్‌లో విచారణ పెట్టింది. సాక్షులు వచ్చి చెప్పారు, కుర్రాడి మాట చాలావరకు నిజమని తేలింది. ఆ పుస్తకం, స్టర్జ్ పార్లమెంటు కమిటీ ముందు చెప్పిన సాక్ష్యం, ఊరూరా సభలు, అన్నీ కలిసి 1838 ఆగస్టు 1న అప్రెంటిస్ పద్ధతి గడువుకు రెండేళ్ళు ముందే పోయింది.

రెండోవాడు అమెరికా మనిషి. 1838 మొదట్లో న్యూయార్క్ చేరి, అలబామా పత్తి తోటలో మేస్త్రీగా ఉండి పారిపోయి వచ్చానని చెప్పాడు. బానిసత్వ వ్యతిరేక సంఘం వాళ్ళు పొంగిపోయారు. కథ రాయడానికి జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్‌ను పెట్టారు. విట్టియర్ క్వేకరు, కవి, అప్పటికి ముప్పై ఏళ్ళు. మనసున్నవాడు, అబద్ధం ఆడనివాడు. రెండో జేమ్స్ చెబుతుంటే రాసుకున్నాడు. ఫిబ్రవరికల్లా పుస్తకం బయటికొచ్చింది. రెండు నెలలు కూడా ఆగలేదు. ఒక్క ఉత్తరం రాసి ఆ తోట ఉందా, ఆ కుటుంబం ఉందా అని కనుక్కోలేదు. మనిషి ముఖం చూస్తే నిజం చెబుతున్నట్టే ఉంది, ఒంటి మీద మచ్చలున్నాయి, చాలదా అనుకున్నారు. పైగా పట్టుకుపోతారని భయపడి అతన్ని ఇంగ్లండ్ ఓడ ఎక్కించేశారు. అంటే మళ్ళీ అడుగుదామన్నా మనిషి అందుబాటులో లేడు.

అలబామాలో ఒక పత్రిక సంపాదకుడు పుస్తకం చదివి, ఈ పేరుగల యజమాని ఇక్కడ ఎవడూ లేడు అని రాశాడు. సంఘం వాళ్ళు అప్పుడు మొదలుపెట్టారు వెతకడం. పేర్లు కలవలేదు. అదే ఏడాది అక్టోబరులో పుస్తకాన్ని అమ్మకం నుంచి తీసేశారు. అంతే, బానిసల యజమానులకు పండగ. ఆ తర్వాత నిజంగా పారిపోయి వచ్చి ఎవరు ఏం చెప్పినా, "వీడూ జేమ్స్ విలియమ్స్ లాంటివాడేనా?" అనడానికి ఒక మాట దొరికింది. ఆరు నెలలు ఓపిక పట్టి ఉంటే రానిది ఆ మచ్చ.

అసలు విశేషం ఇంకా ఉంది. 2013లో ఒక పరిశోధకుడు పాత రికార్డులన్నీ తవ్వి, ఆ మనిషి నిజంగానే ఉన్నాడని, అలబామాలో బానిసగా ఉన్నాడని, పేర్లు మార్చి చెప్పాడని తేల్చాడు. అసలు పేరు షాడ్రాక్ విల్కిన్స్. పారిపోయిన మనిషి పేర్లు దాచడా మరి? 175 ఏళ్ళు అబద్ధాలకోరుగా మిగిలిపోయాడు పాపం. నా కోపం అతని మీద కాదు. నిన్ను కాపాడతాం, నిదానంగా చెప్పు, తొందరేం లేదు అని అతనికి ధైర్యమిచ్చి, అతను నిజం పేర్లు చెప్పేదాకా ఆగని మంచివాళ్ళ మీద. చెడ్డవాళ్ళ మీద ఇంత కోపం రాదు నాకు.

నువ్వు మంచిదానివి శ్రావణీ. అదే నా భయం. ఎవరన్నా ఏడిస్తే నువ్వు ముందు ఏడుస్తావు, చిన్నప్పటినుంచీ అంతే. రాత్రి ఒకమ్మాయి కథ విని, తెల్లారేసరికి ఫోన్‌లో పెట్టేస్తావేమోనని గుండె పీచుపీచుమంటోంది. పెట్టకు. నోటుపుస్తకంలో అన్నీ రాసుకో: ఏ ఏజెంటు, ఎంత తీసుకున్నాడు, ఏ నెలలో ఎక్కింది, అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఎవరి పేరున, ఏ నెల జీతం రాలేదు. ఆ పిల్ల చెప్పింది ఊళ్ళో వాళ్ళమ్మనూ అడుగు, అదే ఇంట్లో ముందు పనిచేసి వచ్చిన మనిషి దొరికితే వాళ్ళనూ అడుగు. ఆమె పేరూ ఊరూ ఎక్కడా బయటపెట్టకు. తేదీలు కలవకపోతే అబద్ధమని రాయకు, అచ్చూ వేయకు. భయపడుతోందని అర్థం, మళ్ళీ వెళ్ళు. ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపనికి వెళ్ళిన ఆడపిల్ల, నీతో మాట్లాడినరోజు రాత్రి ఎక్కడ పడుకుంటుంది? అదే ఇంట్లో. నీకు రిటర్న్ టికెట్ ఉంది. ఆమె ఇల్లు వదిలి బయటపడితే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కేసు పెడతాడు, ఖల్లివెల్లి అయిపోతుంది, అంటే కాగితాల్లేని మనిషవుతుంది. ఆ పూట ఎవరు అన్నం పెడతారు, ఎంబసీ దాకా ఎవరు తీసుకెళ్తారు, ఇవి తేలకుండా ఎవర్నీ ధైర్యం చేయమని చెప్పకు.

మొదటి జేమ్స్ సంగతి కూడా పూర్తిగా సుఖాంతం కాదు. ఇంగ్లండ్‌లో కుర్రాడి నడవడి నచ్చలేదని స్టర్జ్ అతన్ని ఆ ఏడాదే జమైకా తిప్పి పంపించేశాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు, మొదటిసారి స్వేచ్ఛ, ఊరంతా బ్రహ్మరథం. కాస్త పొగరు రాదూ? స్టర్జ్ అంటే నాకు గౌరవం. ఈ ఒక్క విషయంలో మాత్రం క్షమించలేను. నీకు సాక్ష్యం చెప్పిన మనిషి రేపు నీతో పోట్లాడవచ్చు, డబ్బులడగవచ్చు, నువ్వు రాసింది తప్పనవచ్చు. భరించు.

ఈ ఇద్దరు జేమ్స్‌ల కథలు అచ్చు వేయించిన స్టర్జ్, విట్టియర్ తర్వాత 1841లో అమెరికాలో కలిసి తిరిగారు. దారిలో ఈ విషయం మాట్లాడుకునే ఉంటారని నాకెప్పుడూ అనిపిస్తుంది.

నీ రిపోర్టులో మన చరిత్ర కూడా ఒక పేజీ పెట్టు. బానిసలు పోయాక చెరకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చి మన దేశం మీద పడ్డారు. స్టర్జ్ వెంట వెళ్ళినవాళ్ళలో ఒకడైన జాన్ స్కోబుల్ 1839లో బ్రిటిష్ గయానా వెళ్ళి కలకత్తా కూలీల అవస్థ చూసొచ్చి రాశాడు. ఆ ఏడే ఇక్కడి ప్రభుత్వం కూలీల ఓడలు ఆపింది, నాలుగేళ్ళలో మారిషస్‌కు మళ్ళీ వదిలింది. 1840ల్లో మనవాళ్ళు ఓడెక్కింది ఎక్కడనుకున్నావు? కోరంగిలో. మడ అడవి చూపిస్తామని తీసుకెళ్తే నువ్వు పడవెక్కనని ఏడ్చిన కోరంగే. మారిషస్‌లో తెలుగువాళ్ళకు ఆ ఊరి పేరే పెట్టారు.

ఇక ఇంటి సంగతి. బెంజమిన్ లండీ అనే క్వేకరు, విడుదలైన బానిసలకు హైతీలో చోటు చూద్దామని 1825లో వెళ్ళాడు. అనుకున్నదానికంటే ఎక్కువకాలం పట్టింది. తిరిగొచ్చేసరికి భార్య కవలల్ని కని పోయింది, ఇల్లు మూసి ఉంది, పిల్లలు తలో ఇంట్లో ఉన్నారు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. మీ అమ్మకు షుగరు ఎక్కువైంది, నీకు చెప్పవద్దంది. అందుకే రాస్తున్నాను. స్టర్జ్ వెస్టిండీస్ వెళ్ళిన ముందు ఏడాదే భార్య, బిడ్డ కాన్పులో పోయారు. అతనికి సోఫియా అని చెల్లెలుండి ఇల్లు చూసుకుంది కాబట్టి తిరగగలిగాడు. ఇక్కడ అమ్మను మేం చూసుకుంటాం. నువ్వు రోజూ ఫోన్ చెయ్యి, ఏం మాట్లాడకపోయినా సరే.

అడగబోయే ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి ముందు నాకు పంపు. వాట్సాప్‌లో కాదు, ప్రింటు తీసి. అవునా కాదా అని జవాబొచ్చే ప్రశ్నలుంటే కొట్టేసి ఇస్తాను. ఆదివారం మీ ఇంటికి వచ్చి అమ్మతో నేను మాట్లాడతాను. ఆ పూట నువ్వు మాత్రం నోరు విప్పకు.

మీ పెద్దనాన్న
కాకినాడ